ఫజల్ తుంచిన పిలకలు

పెద్దమనుషులు కూసోని కుదిర్చిన పెండ్లిళ్లన్న విడిపోతయ్ గాని ఫజల్ కట్టిన అంటు విడిపోదని పర్ణశాల రోడ్డు పొడుగునా చెప్పుకునేటోళ్లు. అబద్ధమేం కాదు. మామిడి గానీ, సపోటా గానీ, గులాబీ గానీ, ఆయన కత్తితోని కోసి పట్టీ చుట్టిండంటే ఆ పుల్ల బతికినట్టే. భద్రాచలంల దర్శనం చేస్కొని పర్ణశాల పోయే యాత్రికులు కార్లు ఆపి మరీ ఆయన నర్సరీల మొక్కలు కొనుక్కపోయేటోళ్లు. బేరం ఆడినోళ్లకు మాత్రం ఇయ్యకపోయేది. "పోయి చైనా ప్లాస్టిక్ పువ్వులు కొనుక్కో, నీళ్లు పోసే పని కూడా ఉండదు" అనేటోడు. గంత పొగరు.

పుట్టింది నేలకొండపల్లి. తండ్రి మామిడి తోటలల్ల అంట్లు కట్టేటోడు. పదేండ్లప్పుడు కొడుకుకు నేర్పిన మొదటి పని కత్తి పట్టుడు కాదు, పిలక తుంచుడు. అంటుమొక్కకు కింద వేరు నాటుది, పైన పుల్ల మంచి రకంది. రెండూ కలిసిన కట్టు దగ్గరి నుంచి కిందికి ఏది మొలిచినా అది నాటుదే. దాన్ని వదిలిపెడితే రసమంతా తనే తాగి పైనున్నదాన్ని ఎండబెడ్తది. "కట్టు కింద మొలిచింది దొంగ. దొంగను చూసి ఊకున్నోడు ఇంకా పెద్ద దొంగ" అనేటోడు తండ్రి. ఒక్కసారి ఫజల్ చూసి ఊకుంటే చెంప చెళ్లుమనిపిచ్చిండు. ఆ దెబ్బ ఆయనకు అరవై ఏండ్లొచ్చినా యాదికుంది.

ఇంకో సంగతి కూడా యాదికుండేది. చర్ల అవతల అడవిల ఒక ఊరాయన ఫజల్ దగ్గర బంగినపల్లి అంటు కొనుక్కపోయిండు. నాలుగేండ్లకు కాయ కాసింది. కాస్తే ఏముంది, పీచు, పులుపు. ఆయన అడగలేదు, తిట్టలేదు, ఎవరితోనో మాటల మాటగ అన్నడంతే. అది ఫజల్ చెవిన పడ్డది. ఇంగ ఆగుతడా! వానకాలం, రోడ్డు లేదు, సగం దూరం బండి తోసుకుంట పోయిండు. చూస్తే కింది పిలక మాను అయ్యింది, పైన కట్టిన పుల్ల ఎప్పుడో ఎండిపోయింది. కొత్త మొక్క తన చేతితోని నాటి, ఆ ఇంటోళ్లకు పిలక ఎట్ల తుంచాలో చూపిచ్చి వచ్చిండు. రెండు రోజులు జ్వరంతోని పండుకున్నడు. పెండ్లాం హాజిరా "ఒక్క మామిడిచెట్టుకు ప్రాణం తీసుకుంటరా ఎవరన్న" అని తిట్టింది. "చెట్టు పోతే పోయింది, పేరు పోతదిగా" అన్నడు.

అటువంటి మనిషికి రెండేండ్ల కింద, ఎండాకాలం పొద్దుగాల, గులాబీకి పట్టీ చుట్టుకుంట చుట్టుకుంట చెయ్యి ఆగిపోయింది. కత్తి కింద పడ్డది. వంగి తీసుకుందామంటే వేళ్లు మాట వినలే. భద్రాచలం దవాఖానా నుంచి ఖమ్మం తీసుకపోయిన్రు. ప్రాణం నిలిచింది, కాలు కొంచెం ఈడుస్తడు, మాట బాగనే ఉన్నది. కుడి చెయ్యి మాత్రం మొద్దుబారింది. ఒకరోజు హాజిరా చాయ్ గ్లాసు ఆ చేతిల పెట్టింది, పట్టుకున్నడు. చర్మం పొక్కి బొబ్బలెక్కేదాక కూడా ఆయనకు తెల్వలే.

చెయ్యి ఒక్కటే మొద్దుబారితే ఏదో తిప్పలు పడొచ్చు. మనిషే మొద్దుబారిండు. మంచంల గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. తినమంటే తినేటోడు, లేకుంటే లేదు. చుట్టాలొచ్చి పలకరిస్తే "అవ్" అనేటోడు. నొప్పి ఉన్నదా అంటే అవ్, లేదా అంటే అవ్. కిరాయి ఇల్లు, రోడ్డు దాటితే ఎదురుంగనే నర్సరీ. అయినా ఏడాదిన్నరకు పైగ ఆ రోడ్డు దాటలే. బాధ పడుతున్నడని అందరు అనుకున్నరు గాని బాధ కూడా లేదు. బాధుంటే బాగుండు అని హాజిరా అనుకునేది పాపం.

నర్సరీ కూతురు ఆఫియా మీద పడ్డది. అశ్వారావుపేటల వ్యవసాయ డిప్లొమా చేసిన పిల్ల, మొక్కల మీద ప్రేమున్నది గాని తండ్రి చెయ్యి రాలేదు. కట్టిన అంట్లల్ల సగం పోయేటియి. సరిగ్గా అప్పుడే భూమి యజమాని బసవపున్నయ్య వచ్చిండు. వాళ్ల నాన్న ఎప్పుడో గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడ సేద్యం పెట్టిన మనిషి. నర్సరీ ఉన్న అరెకరం ముప్పై ఏండ్లుగ ఫజల్‌కే కౌలుకు ఇచ్చి ఉంచిన్రు. ఇప్పుడు చుట్టూతా అన్ని చేలూ పామాయిల్ అయినయ్, ఈ ముక్క కూడా కలిపేద్దామని ఆయన ఆలోచన. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఆఫియా ఊకోలే. నర్సరీ వెనక మడి చూపిచ్చింది. అక్కడ నలభై మొక్కలున్నయ్, నడుమెత్తు, ఆకు కొంచెం వేపాకు తీరు. ఎల్డర్‌బెర్రీ అంటరు. చల్ల దేశాల పొద. అయితే అందులో వేడికి ఓర్చే రకాలు కూడా ఉన్నయని చదివి, బెంగుళూరు దగ్గర ఒకాయన దగ్గరి నుంచి రెండు రకాల పుల్లలు పార్సిల్‌ల తెప్పిచ్చింది. రెండు రకాలు పక్కపక్కన ఉంటేనే కాపు బాగొస్తదంట. పుల్లలు మట్టిల గుచ్చితే వేర్లొచ్చినయ్. పొద్దటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడేటట్టు, టేకుచెట్ల తూర్పు దిక్కున నాటి, మొదట్ల వరిగడ్డి మందంగ పరిచి, డ్రిప్పు పెట్టింది. పువ్వు కొత్తిమీర పువ్వు లెక్క గుత్తిగ వస్తది, పండు మిరియపుగింజంత, నల్లగ. ఆకు, పచ్చి కాయ తింటే వాంతులు. పండును మాత్రం ఉడకబెట్టి దగ్గు మందు చేస్తరు. హైదరాబాద్‌ల ఒక ఆయుర్వేదం కొట్టాయన పండు ఉంటే ఎంతైనా తీసుకుంటనని ఫోన్‌ల చెప్పిండు.

బసవపున్నయ్య అంతా విన్నడు. చెడ్డ మనిషి కాదు. "చూడమ్మా, మే నెలలో ఇక్కడ కోడిగుడ్డు బండ మీద పెడితే అట్టవుతుంది. ఈ చెట్టు తట్టుకుంటుందంటే నాకు నమ్మకం లేదు. అయినా మీ నాన్న మొహం చూసి ఒక మాటంటాను. వచ్చే వినాయక చవితి నాటికి ఒక్క కాపు చూపించు. కాస్తే ఈ అరెకరం జోలికి రాను, ఇంకో రెండెకరాలు నీ చేతనే ఇదే వేయిస్తాను. కాయకపోతే పామాయిల్‌కు గుంతలు తీయిస్తాను. సరేనా?"

"సరే అంకుల్" అన్నది ఆఫియా. "వచ్చే ఫిబ్రవరిల నేల నుంచి కొత్త కొమ్మలు లేస్తయ్. మన వేడికి ఇప్పుడున్న పాత కొమ్మ మీద ఆశ లేదు. ఆ కొత్త కొమ్మలే మొదలుకు నీడ, వాటి మీదనే పండు. అవి లేస్తే చాలు."

మడి చూసొచ్చినంక ఈ మాటలన్నీ ఇంటి అరుగు మీదనే జరిగినయ్. లోపల మంచంల ఫజల్ గోడ దిక్కు తిరిగి ఉన్నడు. చెవుల పడ్డయో లేదో ఆయనకే తెల్వదు. ఒకటి మాత్రం విన్నడు, చవితికి కాపు రాకుంటే నర్సరీ పోతదని.

ఆ ఏడు గడిచింది. ఫిబ్రవరి వచ్చింది. ఒకనాడు పొద్దుగాల నమాజు వేళకు మెలకువ వచ్చి ఫజల్ ఎందుకో లేసిండు. కర్ర పట్టుకొని రోడ్డు దాటిండు. నర్సరీల తన అంటుమొక్కలు సగం కూడా లేవు. అవి చూసినా ఏమనిపియ్యలే. వెనక మడి దాక పోయిండు. కూతురు నాటిన పొదలు ఒక్కొక్కటి మనిషి ఛాతీ ఎత్తు అయినయ్. వాటి మొదట్ల, గడ్డి చీల్చుకొని, లేత పిలకలు, మూడు, నాలుగు, కొన్నిట్ల ఐదు. బలిసి ఉన్నయ్ దొంగలు.

ఆయన అనుకోలే, ఎడమ చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. వంగి మొదటి పిలక పట్టుకొని కిందికి గుంజిండు. టప్పుమన్నది. ఆ చప్పుడు విన్నంక ఇంకోటి తుంచిండు. నలభై చెట్లకు తుంచేసరికి సూర్యుడు లేసిండు, నడుము పట్టేసింది, కాలు వణుకుతున్నది. మనిషి మాత్రం చెమట పట్టి నిలబడ్డడు. ఏడాదిన్నర దాటింది ఆయనకు పని చేసి చెమట పట్టి. పిల్ల పుస్తకాలు చదివింది గాని పిలక తుంచాలని తెల్వదు, పిచ్చి మొద్దు, అనుకున్నడు. తుంచినయి కనబడితే చిన్నబుచ్చుకుంటదని గడ్డి కిందికి తోసిండు. కాపు వచ్చినంక చెప్దాం, అప్పుడు తెలుస్తది తండ్రి అంటే ఏందో.

రోజూ అదే పని. పిలక మొండిది, ఇయ్యాల తుంచితే ఎల్లుండికి మళ్ల లేస్తది. ఆయనా మొండోడే. పొద్దుగాల పోవుడు, తుంచుడు, గడ్డి కప్పుడు. ఇంటికొచ్చి రొట్టెలు నాలుగు తినేటోడు. ఎడమ చేతితోనే గడ్డం గీసుకున్నడు, రెండుచోట్ల కోసుకున్నడు. జుమ్మాకు మసీదుకు పోయిండు. హాజిరా ముక్కు మీద వేలేసుకున్నది. "ఏంది, కొత్త పెండ్లికొడుకు లెక్క తయారైతున్నరు? ఎవరినన్నా చూస్కున్నరా?" అని ఎకసెక్కం ఆడింది. ఫజల్ నవ్వలేదు గాని పెదవి మాత్రం కొంచెం కదిలింది. హాజిరా వంటింట్లకు పోయి ఏడిసింది.

నర్సరీల పదిహేనేండ్లుగ నీళ్లు పోసే బాలి ఒకనాడు చూసింది. చర్ల దిక్కు అడవి ఊరి కోయ మనిషి, మాట తక్కువ. "సాయిబూ, గవెందుకు తుంచుతున్నవ్? బాగనే ఉన్నయి కదా" అన్నది.

"నీకేం ఎరుక? యాభై ఏండ్ల సంది తుంచుతున్న" అని కసిరిండు. బాలి పైపు తీసుకొని పక్క మడికి పోయింది.

ఏప్రిల్‌ల ఆఫియా ఒక మాటన్నది. "బాబా, పొద్దుగాల వెనక మడి దిక్కు పోకు. రక్తపింజర తిరుగుతున్నది." ఫజల్‌కు నవ్వొచ్చింది. పాముకు భయపడి దొంగలను వదిలిపెడతడా ఏంది! కర్రతోని గడ్డి మీద నాలుగు దెబ్బలు కొట్టి, పామును బెదిరిచ్చి, పని చేసుకున్నడు. ఆఫియా మళ్ల ఆ మాట ఎత్తలే.

మే వచ్చింది. నలభై ఐదు డిగ్రీలు. పొద్దటి ఎండకే పొదల పాత కొమ్మల బెరడు పగిలింది. మొదట్ల చుట్టూ ఆకు లేదు, నీడ లేదు, ఒంటి కర్రలు నిలబడ్డయి. ఆకుల అంచులు మాడి రాలినయ్. ఫజల్ ఇంకా కసిగ తుంచిండు, పిలకలు రసం తాగుతున్నయి గదా మరి. జూన్‌ల వాన పడ్డంక అక్కడొకటి ఇక్కడొకటి పూగుత్తి వచ్చింది, వారానికి రాలిపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటరు. ఈ దొంగ తనను తాను కూడా పట్టుకోలేకపోయిండు.

వినాయక చవితి అయిన మూడోనాడు బసవపున్నయ్య బొలెరోల వచ్చిండు. మడి చుట్టూ ఒక తిరుగుడు తిరిగిండు. నలభై కర్రలు, వాటి చివర్ల నాలుగు ఆకులు, ఒక్క పండు లేదు.

"పిట్టలేమైనా తింటున్నాయా?" అని అడిగిండు, ఆ పిల్లకు ఒక దారి చూపిద్దామన్నట్టు.

"లేదంకుల్. కాయలే" అన్నది ఆఫియా.

అప్పుడు ఫజల్ ముందుకొచ్చిండు. కోపం, ఎన్ని రోజుల నుంచి లోపల ఉన్నదో. "చల్ల దేశం చెట్టును తెచ్చి మా ఎండల పెడితే కాస్తదా పున్నయ్య గారూ? నేను ఉన్ననని ఆ మాత్రం బతికినయి. దీనికి ముందుగాల నన్ను అడగాలనిపియ్యలే. పుస్తకం చదివినోళ్లకు మట్టి ఎరుకనా?" అందరి ముందట అన్నడు, కూతురి మొహం చూసి అన్నడు.

ఆఫియా తల వంచుకున్నది. "అవ్ బాబా. నాదే తప్పు."

బసవపున్నయ్య బొలెరో తలుపు తీసిండు. "మొక్కలు తీసుకోవడానికి పది రోజులు ఉండండి, తొందరేం లేదు" అని బండెక్కిండు.

ఉన్న అంటుమొక్కలు, కుండీలు ఎక్కడ పెట్టాల్నా అంటే బాలి తన వాకిట్ల పెట్టుకోమన్నది. ఆమె ఊరు చర్ల రోడ్డు మీది నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు. ట్రాలీ ఆటో మాట్లాడి మొదటి లోడు ఎత్తిన్రు. ఫజల్ కూడా డ్రైవర్ పక్కన కూసున్నడు. నర్సరీ వెనక్కి పోతుంటే చూడలే. ఏడుపొస్తదేమో అనుకున్నడు గాని రాలే.

అక్కడ ఆఫియా, బాలి కుండీలు దింపుతుంటే ఫజల్ ఒంటేలుకని గుడిసె వెనకకు పోయిండు. పోయినోడు ఆడనే ఆగిపోయిండు. స్నానం నీళ్లు పోయే కాలువ గట్టున, ఇప్పచెట్టు నీడకు, ఒక పొద. ఇద్దరు మనుషులు చేతులు చాపితే అందనంత పొద. దాని నిండ నల్లటి గుత్తులు, బరువుకు కొమ్మలు నేలకు వంగినయ్. పిట్టలు గోల గోల చేస్తున్నయ్.

బాలి కుండీ పెట్టుకుంట అటు వచ్చింది.

"ఇది ఏం చెట్టు?" అన్నడు.

"గదే సాయిబూ. అమ్మాయి నాటంగ రెండు పుల్లలు మిగిలితే తెచ్చి గుచ్చిన. అమ్మాయే గుత్తులు కోసుకపోయి మందు కొట్టాయనకు పంపిచ్చింది మొన్న, బాగున్నదన్నడంట."

ఫజల్ కర్ర పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూసోని, పొద మొదలు చూసిండు. మధ్యల పాత కొమ్మ ఎండి ఉన్నది. దాని చుట్టూ నేల నుంచి లేసిన కొమ్మలు, లెక్కపెడితే పద్నాలుగు. పండున్నది ఆ పద్నాలుగింటి మీదనే. ఆయనకు ఇంగ ఎవరూ ఏం చెప్పనక్కర్లే. యాభై ఏండ్లు చెట్ల నడుమ బతికినోడు. ఈ చెట్టుకు కట్టు లేదు, కింద నాటుది, పైన మంచిది అనేదే లేదు. మొత్తం ఒక్కటే చెట్టు. కింద నుంచి వచ్చేది దొంగ కాదు, అదే పంట. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాక ఆయన రోజూ పొద్దుగాల లేసి బిడ్డ పంటను తుంచి గడ్డి కింద దాచిండు.

"నువ్వు వీటిని తుంచలేదా?" అని అడిగిండు, తెలిసి కూడా.

"నేనెందుకు తుంచుత?" అన్నది బాలి. ఇంగ దాచి లాభమేందనుకున్నదేమో, "అమ్మాయి మార్చిలనే చూసింది సాయిబూ. గడ్డి కింద చెయ్యి పెట్టి తేమ చూడబోతే వాడిపోయిన పిలకలు బయటపడ్డయ్. ఒక్క గంట ఆడనే కూసున్నది. లేసి, నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది" అన్నది.

రక్తపింజర సంగతి ఫజల్‌కు అప్పుడు అర్థమైంది. మడిల పామూ లేదు, ఏం లేదు.

ముందటికొచ్చిండు. ఆఫియా కుండీలు వరుసల పెడుతున్నది, చున్నీ నడుముకు కట్టుకొని.

"నీకు మార్చిలనే ఎరుకనా?"

ఆ పిల్ల బాలి దిక్కు చూసింది. బాలి నేల చూపులు చూసింది. "అవ్ బాబా."

"మరి ఎందుకు చెప్పలే? నోరు లేదా? నేనేమన్న పసిపిల్లగాన్నా?" అరిసిండు. రెండేండ్లల్ల ఆయన గొంతు అంతగనం లేచింది లేదు. పక్క గుడిసెలోళ్లు బయటికొచ్చి చూసిన్రు. "అందరి ముందట నిన్ను అంటుంటే ఎట్ల విన్నవ్? నాదే తప్పని ఎట్లన్నవ్?"

ఆఫియా చేతిల కుండీ కింద పెట్టింది. "చెప్తే నువ్వు మళ్ల మంచమెక్కి గోడ దిక్కు తిరుగుతవ్. అమ్మ ఎంత ఏడిసేదో నీకు తెల్వదు. నువ్వు పొద్దుగాల లేసి రోడ్డు దాటుతుంటే కిటికీలకెళ్లి ఇద్దరం చూసేటోళ్లం. భూమి ఇంకోటి దొరుకుతది బాబా" అన్నది. చెప్పి ఇంకో కుండీ తీసుకున్నది.

ఫజల్ ఆ కుండీల నడుమ కూలబడ్డడు. సిగ్గుతోని సచ్చినంత పనైంది. బాలి చెంబుతోని నీళ్లు తెచ్చిస్తే తాగిండు. ఖాళీ ఆటోల ఇంటికొచ్చిన్రు.

తెల్లారి నమాజు వేళకు మెలకువ వచ్చింది. మడికి పోయే పని లేదు, తుంచడానికి పిలక లేదు. ఒళ్లంతా గోడ దిక్కు తిరిగి పండుకొమ్మనే అంటున్నది. తిరిగితే హాయిగుంటది, ఏదీ తెల్వదు, సిగ్గు కూడా ఉండదు. పక్కన హాజిరా మేలుకొనే ఉన్నది, ఊపిరి బిగబట్టి చూస్తున్నది. ఫజల్‌కు ఆ సంగతి తెలుస్తనే ఉన్నది.

ఇప్పుడు తిరిగి పండుకుంటే ఆ అరెకరం ఉత్తగ పోయినట్టైతది, అనుకున్నడు. ఆశ లేదు, ఉషారు లేదు. ఎడమ చెయ్యి మంచం పట్టె మీద ఆనిచ్చి లేసి కూసున్నడు. కర్ర అందుకున్నడు.

"బిడ్డా, రెండో లోడుకు ఆటో ఎన్ని గంటలకొస్తది?" అని లోపలింట్లకు కేకేసిండు.